ఏమీ వేయని మడి

ఎనభై ఎనిమిదో సంవత్సరం వానాకాలం దాకా ఖుతుబుద్దీన్ సారు చేసిన సైన్సు ప్రయోగాలలో ఒక్కటి కూడా ఫలించలేదు. ఇది నింద కాదు, ఆయనే ఒప్పుకునే చారిత్రక సత్యం. హైడ్రోజన్ వాయువు దగ్గర మండే పుల్ల పెడితే 'టప్' మంటుందని పుస్తకంలో ఉంటుంది. సారు పెడితే పుల్ల ఆరిపోయేది. ఆ నిశ్శబ్దంలో వెనక బెంచీ మీంచి ఎవడో ఒకడు దయతలచి నోటితో 'టప్' అనేవాడు. ఆయన ఆమ్లంలో ముంచిన నీలి లిట్మస్ కాగితం నీలంగానే పైకి వచ్చేది. సీసాలో ఆమ్లం ఎప్పుడో అయిపోతే, ఖాళీ సీసా చూడ్డానికి బాగుండదని అటెండరు ఐలయ్య అందులో నీళ్లు పోసి పెట్టాడు. ఇనుప రజను చల్లి అయస్కాంత బలరేఖలు చూపించబోయిన రోజున సరిగ్గా ఆ నిమిషానే ఫ్యాను తిరిగింది. ఆ బడిలో ఆ ఫ్యాను అంతకు ముందు తిరగలేదు, ఆ తరువాతా తిరగలేదు.

సిద్దిపేటలో బస్టాండు పక్కన, చేర్యాల బస్సు ఆగే చోటుకు ఎదురుగా ఉండే సర్కారు హైస్కూలు అది. ల్యాబు అనే గౌరవనామం గల గదిలో ఒక బల్ల, ఒక బీరువా ఉండేవి. బీరువాకు ఒక తలుపు ఊడిపోయింది, రెండో తలుపుకు తాళం వేసి ఉండేది. లోపల ఉన్న ఒకే ఒక్క పిపెట్టు భద్రత కోసం ఆ ఏర్పాటు.

సారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన చూస్తున్నట్టు ముక్కు కొద్దిగా పైకెత్తి నడిచేవాడు. అది వంశపారంపర్యం. తండ్రి అజీజ్ మియా లాల్ కమాన్ దగ్గర అత్తరు అమ్మేవాడు. రసాయన శాస్త్రం చదివిన కొడుకు లోకానికి ఇంకా గొప్ప పరిమళాలు ఇస్తాడని ఆయన ఆశపడ్డాడు. కొడుకు ఇచ్చిన పరిమళం ఏమిటో ఆ సంవత్సరం జూలైలో తొమ్మిదో తరగతి వాళ్లకూ, పక్కనే ఉన్న ఆఫీసు గదికీ ఒకేసారి తెలిసింది.

ఆ రోజు సారు అమ్మోనియా పాఠం చెప్పాలి. పిల్లల ముఖాలు వాన ముందటి ఆకాశంలా ఉన్నాయి. ఆయన పుస్తకం మూసి అడిగాడు.

"యూరియా అంటె ఎవరికెర్క?"

అన్ని చేతులూ లేచాయి. సగం మంది ఇళ్లలో మంచం కింద యూరియా బస్తా ఉంది. మిగతా సగం మంది ఆ బస్తా సంచితో కుట్టిన పుస్తకాల సంచీలే భుజాన వేసుకుని వచ్చారు.

"సంచి మీద నలభై ఆరు శాతం అని ఉంటది. ఏంది గది?"

ముందు వరుసలో బాలలక్ష్మి లేచింది. చదువులో చురుకు, నోట్లో అంతకన్నా చురుకు. "దాని మార్కులు సార్. నలభై ఆరంటె పాసే. నాకంటె దానికే ఎక్కువొచ్చినయి."

అది నత్రజని శాతమని సారు చెప్పాడు. చెప్పి, ఒక గ్లాసు నీళ్లలో గుప్పెడు యూరియా వేసి కలిపి బాలలక్ష్మి చేతికిచ్చాడు.

"అవ్వో! సల్లగైంది సార్! ఫ్రిజ్ నీళ్ల లెక్క!"

గ్లాసు బెంచీ బెంచీకీ తిరిగింది. కరిగేటప్పుడు యూరియా చుట్టూ ఉన్న వేడిని గుంజుకుంటుందని చెబుతుంటే, జీవితంలో మొదటిసారి తరగతి మొత్తం నోరు తెరిచి వింటోంది. మనిషికి గెలుపు అలవాటు లేకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. సారు జేబులోంచి పుచ్చగింజల పొట్లం తీశాడు. అది ఆయన భార్య జైనబ్ బీ ఎండబెట్టి, మిఠాయిల్లో వేయడానికి దాచుకున్నది. వేయించని పుచ్చగింజల పొడి పడితే యూరియా విరిగి అమ్మోనియా వస్తుంది. ఆయన గింజలు నూరి గ్లాసులో వేసి, ఎండలో పెట్టి, పాఠం కొనసాగించాడు.

ప్రయోగం ఫలించింది. ఆ ఫలాన్ని మాత్రం ఎవరూ భరించలేకపోయారు. మొదట ముందు బెంచీ లేచింది, తరువాత వెనక బెంచీ లేచింది, ఆ తరువాత పక్క గదిలో హిందీ సారు పద్యం మధ్యలో ఆపి బయటికి నడిచాడు. బస్టాండు మూత్రశాల కట్ట తెగిందని ఐలయ్య ఆఫీసులో ప్రకటించాడు.

హెడ్మాస్టరమ్మ ప్రమీలాదేవి చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. ఆమె గొంతు ఎత్తే మనిషి కాదు. గొంతు ఎత్తకుండానే గోడల సున్నం రాల్చగలదు.

"ఖుతుబుద్దీన్ సార్, విరిగిన బల్లలు వరండల వానకు నానుతున్నయి. మీ ల్యాబుల ఏమున్నదని? బల్లలు గండ్ల పెట్టుకుందం. మీకు నీతిబోధన పీరియడ్లు ఇస్త. గండ్ల వాసనలుండయి."

నీతిబోధనలో ప్రయోగాలు ఉండవు, కాబట్టి అవి తప్పిపోయే ప్రమాదమూ లేదు. మేడమ్ నిజంగా ఉపకారబుద్ధితోనే అన్నది. సారుకు మాత్రం గుండెలో తుమ్మముల్లు దిగినట్టయింది. ఆ గదిలో ఏమీ లేకపోయినా అది ల్యాబు. దాని తాళంచెవి జేబులో ఉన్నంత కాలమే తాను సైన్సు సారు.

"ఒక్క మోకా ఇయ్యిన్రి మేడమ్" అన్నాడు.

ఆమె ఆలోచించింది. "దీపావళి దాటినంక జిల్లా ఆఫీసు నుంచి ఇశ్రాయేలు సారు తనిఖీకి వస్తరు. ఆయన ముంగట ఒక్కటంటె ఒక్క ప్రయోగం నిలబెట్టున్రి, ల్యాబు మీదే. లేకుంటె బల్లలు లోపటికి, మీరు బయటికి."

ఇంటికి వెళితే జైనబ్ బీ పుచ్చగింజల గురించి అడిగింది. ఆ సంభాషణ ఇక్కడ అనవసరం.

బడి బోరింగు పక్కన కొంత జాగ ఉంది. పిల్లలు నీళ్లు కొట్టుకుని తాగగా కారిపోయిన నీళ్లతో ఎప్పుడూ తడిగా ఉండేది. సారు అక్కడ మూడు చిన్న మడులు కట్టించాడు, మధ్యన గట్టి గట్లు పోయించాడు, మూడింట్లోనూ ఒకే రకం వరి నాటు వేయించాడు. ఒక్కో మడికీ ఒక్కో చెక్క పలక పాతించాడు. మొదటిది 'పెంట మడి' - పశువుల పెంట, కొలత ప్రకారం కాస్త యూరియా. చివరిది 'దండి మడి' - యూరియా దండిగా. నడిమిది 'ఏమీ వేయని మడి'.

ప్రయోగం ఎత్తుగడ సులభం. దండి మడి మొదట్లో నల్లగా నిగనిగలాడి అందరినీ మోసం చేస్తుంది. తరువాత మెత్తబడి, పైరు రసం పీల్చే దోమను పిలిచి, పొట్టకొచ్చాక అడ్డం పడుతుంది. పెంట మడి నిదానంగా పండుతుంది. ఏమీ వేయని మడి పాలిపోయి, పలచగా, సాక్ష్యం చెప్పడానికి నిలబడి ఉంటుంది. అదొక్కటీ ఉంటే తక్కినవి ఎందుకు అలా అయ్యాయో ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

"ఏం ఎయ్యకుంటె ఏమయితదో తెలువకపోతె, ఏస్తె ఏమైందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు పిల్లలతో.

బాలలక్ష్మి చెయ్యెత్తింది. "అంటె సార్, మా తమ్మునికి బువ్వ పెట్టకుంట పండబెడితె, నేను తిన్నది నా ఒంటికి పట్టిందో లేదో తెలుస్తదా?"

"సరిగ్గ గదే."

"మా అవ్వ సంపుతది సార్."

సారు నవ్వేశాడు. ఆ మాటలో ముందు జరగబోయేదంతా ఉందని ఆయనకు అప్పుడు తట్టలేదు.

మూడు మడుల దిగువన మూడు గోలేలు, అంటే వెడల్పు మూతి మట్టి తొట్లు, కూడా పాతించాడు. మడిలోంచి కారిన నీళ్లు వాటిలోకి చేరతాయి. "ఏసిన మందంత పైరు తినది బిడ్డా. మిగిలింది నీళ్ల వెంట పోయి గోలెంల పాచికి దావత్ ఇస్తది. పాచి పెరిగి, సచ్చి, కుళ్లి, నీళ్లల్ల గాలి అయిపోతది. ఇగ చాపలు నోరు తెరుస్తయి. చెర్వు పచ్చటి శాలువ కప్పుకున్నదంటె సన్మానమనుకోవద్దు, బీమారి."

ఈ మాట తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షుడు నర్సింహ పటేలు చెవిన పడింది. బడికి ఆనుకునే ఆయన పొలం. అందరూ వేసేదానికి రెట్టింపు యూరియా వేస్తాడు, ఆ సంగతి అందరికీ రెట్టింపు గొంతుతో చెబుతాడు. తువ్వాల భుజాన వేసుకుని వచ్చి, గట్టు మీద నిలబడి, మూడు మడులనూ మూడు తప్పుల్లాగా చూశాడు.

"ఏం సారూ, యూరియా ఎక్కువైతె పంట ఖరాబైతదని పోరగాండ్లకు నూరిపోస్తున్నవంట?"

"నేను చెప్తలేను పటేలా. మడి చెప్తది."

"ఇంకో గుప్పెడెక్కువ పెడితె సచ్చినోణ్ని నేనెన్నడు సూడలే. పెట్టక సచ్చినోళ్లను సూసిన. సరే, తనిఖీ నాడు నేనుంట. మడి ఏం చెప్తదో నేను గూడ ఇంట."

సారు లెక్క వేసుకోనిది ఒకటుంది. విందులో విస్తళ్లు పరిచి, అటుపక్క వడ్డించి, ఇటుపక్క వడ్డించి, నడిమి విస్తరిని ఖాళీగా వదిలేయడం ఆ ప్రాంతంలో జరగదు. శత్రువు కూర్చున్నా జరగదు. అలాంటిది ఒక మడిని, అదీ నడిమి మడిని, పది మందీ బస్సుకోసం నిలబడే చోట, పైగా 'ఏమీ వేయలేదు' అని పలక రాసి మరీ ఉపవాసం ఉంచడమంటే, ఊరి పిసినారితనాన్ని ఊరి ముఖానే రాసినట్టు. చేర్యాల బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు గోడ మీంచి చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

"ఓ సారూ! గా నడిమి దాని తప్పేందయ్యా? ఉపాసమెందుకుంచినవు?"

"ప్రయోగమమ్మా."

"నీ ప్రయోగం పాడుగాను, పసిదాని లెక్క సూస్తున్నది!"

ఆగస్టు గడిచేసరికి రసాయన శాస్త్రంలో అనూహ్యమైన సంఘటన జరిగింది. పెంట మడి పచ్చగా ఉంది. దండి మడి ముదురు పచ్చగా ఉంది. ఏమీ వేయని మడి నల్లగా ఉంది. ఏపుగా, మోకాలు దాటి, పక్క మడుల మీదికి వంగి వాటి క్షేమం కనుక్కుంటోంది.

సారు మొదట తన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తరువాత పలకలు ఎవరైనా మార్చారేమోనని చూశాడు. మార్చలేదు. ఆ రాత్రి పడుకోకుండా ఆలోచించి పొద్దున్నే తరగతిలో ఒక సిద్ధాంతం ప్రవేశపెట్టాడు. మెరుపు మెరిసినప్పుడు గాలిలోని నత్రజని వానలో కరిగి నేలకు చేరుతుందని, అది ప్రకృతి ఉచితంగా ఇచ్చే ఎరువని చెప్పాడు. పుస్తకంలో ఉన్న మాటే. కాని సిద్దిపేట మెరుపులు మూడు మడుల్లో ఒకదాన్నే ఎందుకు ఎంచుకున్నాయో పుస్తకంలో లేదు.

తరగతి మొత్తం ఎంతో వినయంగా తల ఊపింది. ఆ వినయమే ఆయనకు అనుమానం తెప్పించింది. తొమ్మిదో తరగతి ఏ సిద్ధాంతానికీ అంత తొందరగా తల ఊపదు.

ఆయన గోలేల దగ్గరికి పోయి చూశాడు. పెంట మడి కింది గోలెంలో నీళ్లు తేటగా ఉన్నాయి. దండి మడి కింది గోలెంలో పాచి పట్టింది. ఏమీ వేయని మడి కింది గోలెంలో నీళ్లు కనిపించలేదు, పచ్చటి దుప్పటి కనిపించింది. పక్క పొలంలోంచి గట్టు దాటి వచ్చిన నర్సింహ పటేలు బర్రె దానిలో మూతిపెట్టి, తీసి, ఒకసారి తుమ్మి, పెంట మడి గోలెం దగ్గరికి నడిచింది. రసాయన శాస్త్రానికి దొరికిన మొదటి నిష్పక్షపాత సాక్షి అది.

సారు ఇంటికి పోయి, మిగిలిన పుచ్చగింజల్లోంచి జైనబ్ బీ చూడకుండా పిడికెడు తెచ్చాడు. నూరి, గోలెం నీళ్లలో కలిపి, గ్లాసును ఎండలో పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి వంగి ముక్కు పెట్టాడు. అజీజ్ మియా కొడుకు ముక్కు అబద్ధం చెప్పదు. అమ్మోనియా! ఏమీ వేయని మడికి ఎవరో యూరియా వేస్తున్నారు. వేస్తూనే ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం బువ్వ బెల్లు కొట్టాక ల్యాబు కిటికీ రెక్క ఓరగా తీసి లోపల కూర్చున్నాడు.

మొదట వచ్చినవాడు ఐలయ్య. అటూ ఇటూ చూసి, జేబులోంచి చారెడు తీసి నడిమి మడిలో చల్లి, చెయ్యి నిక్కరుకు తుడుచుకుని వెళ్లిపోయాడు. సారు లేచి కేకవేయబోయాడు. అంతలో బాలలక్ష్మి, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. వాళ్ల కంపాసు పెట్టెల్లో కంపాసులు లేవు. వాళ్లు వెళ్లాక గోడ అవతల బస్టాండులోంచి, సైకిలు మీద బస్తా వేసుకుని పోతున్న ఒక రైతు బస్తా మూల విప్పి, గోడ మీంచి ఒక దోసెడు విసిరాడు. విసిరి దండం పెట్టాడు. దండం ఎవరికో తెలియలేదు.

ఆ తరువాత ప్రమీలాదేవి మేడమ్ వచ్చింది. చేతిలో టిఫిను గిన్నె. గిన్నె కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వచ్చినట్టే వచ్చి, మూత తీసి, అందులో ఉన్న తెల్లటి గుళికలను ఎంతో హుందాగా మడిలో వంచింది. ఇంటి గులాబీ మొక్కల కోసం కొనుక్కున్న యూరియా అది.

సారు మళ్లీ కూర్చుండిపోయాడు. ఐలయ్యను తిట్టవచ్చు, పిల్లలను బెదిరించవచ్చు. పై అధికారిని పట్టుకుని 'మీరు దొంగతనంగా దయ చూపిస్తున్నారు' అని చెప్పడానికి ఏ రూలూ లేదు.

సాయంత్రం ఇంట్లో దిగులుగా కూర్చుంటే జైనబ్ బీ చాయ్ తెచ్చి ఇచ్చింది. వాళ్ల ఇల్లు బడి వెనక గోడకు ఆనుకునే ఉంటుంది.

"క్యా హువా జీ?"

"నా మడికి ఎవలెవలో మందేస్తున్నరు జైనబ్. ప్రయోగం ఖరాబైంది."

జైనబ్ బీ సాసరులోకి చూస్తూ అన్నది. "బీచ్ కా మడి? బిచారా, కిత్తా భూకా దిఖ్తా థా! భూకే కో ఖిలానా సవాబ్ హై జీ." ఆకలితో ఉన్నదానికి పెట్టడం పుణ్యమని ఆమె నమ్మకం.

"నువ్వు గూడనా!"

"యూరియా నై డాలీ మై" అని, తాను యూరియా వేయలేదంటూ ఆమె నొచ్చుకుంది. "ఖాలీ బక్రీ కీ మేంగ్నియా. రోజ్ ఏక్ టోకరీ."

రోజుకో బుట్టెడు మేకల ఎరువు. సారు చాయ్ పక్కన పెట్టేశాడు.

మర్నాడు ప్రార్థన సమయంలో, ఎవరి పేరూ ఎత్తకుండా, సైన్సు పేరిట విన్నపం చేశాడు. "నడిమి మడికి దయచేసి ఎవరూ ఏమీ వెయ్యొద్దు. అది అట్లనే ఉండాలె." అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ అందరికన్నా గట్టిగా కొట్టింది. ప్రతి ఒక్కరూ ఆ మాట తక్కిన వాళ్లకని అనుకున్నారు. అనుకుని, పాపం, ఇవాళ్టి నుంచి తక్కిన వాళ్లంతా మానేస్తారు గదా, ఇక దీనికి నేను తప్ప దిక్కెవరని, ఆ రోజు నుంచి ఒక్కొక్కరూ రెండేసి గుప్పిళ్లు వేశారు.

సారు ముళ్లకంప నాటాడు. గుప్పెడు యూరియాకు ముళ్లు గుచ్చుకోవు. అసలు ఆయనకే ఒక సాయంత్రం, ఒంటరిగా గట్టు మీద నిలబడి ఉండగా, చెయ్యి జేబులోకి పోయింది. జేబులో తాళంచెవి తప్ప ఏమీ లేకపోవడం వల్ల సైన్సు బతికింది.

దసరా దాటాక చెల్లింపు మొదలైంది. నడిమి మడిలో సుడిదోమ దిగింది. అంత లేత, అంత రసం, అంత ఆకు ఆ దోమ తన వంశంలో చూసి ఉండదు. మొదళ్లు ఎండాయి. ఒక చిన్న గాలికి, పక్క మడుల్లో ఆకు కూడా కదలనంత గాలికి, మడి మొత్తం అడ్డం పడింది. దీపావళి నాటికి అది పైరులా లేదు, ఎద్దులు తొక్కిన గడ్డిలా ఉంది. దండి మడి సగం వంగి నిలబడింది. పెంట మడి కంకులు బంగారు రంగుకు తిరిగాయి.

తనిఖీ రోజు వచ్చింది. ఇశ్రాయేలు సారు సంగారెడ్డి నుంచి జీపులో దిగాడు. నిదానస్తుడు, చూసిందే నమ్ముతాడు. ఆయన వెనక మేడమ్, ఆమె వెనక నర్సింహ పటేలు, ఆయన వెనక తొమ్మిదో తరగతి, అందరి వెనక ఐలయ్య మోసుకొచ్చిన కుర్చీ. వెనక గోడ మీంచి తల మీద కొంగు కప్పుకుని జైనబ్ బీ. వరండాలో విరిగిన బల్లలు అప్పటికే వరుసగా పేర్చి ఉన్నాయి, ఎటు పొమ్మంటే అటు పోవడానికి.

ఇశ్రాయేలు సారు మొదటి పలక చదివి మడి చూశాడు. చివరి పలక చదివి మడి చూశాడు. నడిమి పలక రెండుసార్లు చదివాడు.

"ఏమీ వేయని మడి. ఊఁ. ఏం ఎయ్యకుంటె పంట గిట్ల సత్యనాశ్ అయితదన్న మాట. యూరియా దండిగ ఏసింది కొంచెమన్న నిలబడ్డది. అంటె రైతు యూరియా దండిగ ఎయ్యాలె. గంతే గద మీరు చూపిచ్చింది?"

ఇన్నాళ్లూ ఖుతుబుద్దీన్ సారు ప్రయోగాలు ఏమీ నిరూపించకుండా ఊరుకున్నాయి. ఇది అలా కాదు, సరిగ్గా తిరగేసి నిరూపిస్తోంది. నిజం చెబితే ల్యాబు దక్కుతుంది. చెప్పాలంటే తనిఖీ అధికారి ఎదుట హెడ్మాస్టరమ్మ పేరు ఎత్తాలి, కట్టుకున్న భార్య పేరు ఎత్తాలి. ఆయన నోరు తెరిచాడు. మేడమ్ ఆకాశంలో ఏదో పక్షిని వెతుకుతోంది. ఆయన నోరు మూశాడు.

"చెప్పున్రి సార్" అన్నాడు ఇశ్రాయేలు.

"మడి... మడి చెప్తది సార్" అన్నాడు ఖుతుబుద్దీన్, ఏమీ తోచక.

మడి ఏమీ చెప్పలేదు. పడుకుని ఉంది.

నర్సింహ పటేలు మీసం తడుముకున్నాడు. అదాయన గెలుపు ఘడియ. కాని ఆయన చూపు పదేపదే ఆ పలక మీదికే పోతోంది. ఇశ్రాయేలు సారు ఇంకోసారి, రాసుకోవడానికన్నట్టు, పైకి చదివాడు. "ఏమీ... వేయని... మడి."

"ఏమీ ఎయ్యకపోవుడేంది!" పటేలు గొంతు బస్టాండు దాకా వినిపించింది. "సగం సంచి, అద్ద బస్తా ఏసిన! నా ఇంటికాడికెల్లి సంచి కొసకు ముడేసి, నెత్తి మీద మోసుకొచ్చి, అద్ద బస్తా! అది ఎటువోయినట్టు? ఏమీ ఎయ్యలేదని పలక పెడితిరి, నేను మనిషిని గానా?"



"నువ్వెందుకేసినవు పటేలా?" అని అడిగాడు ఖుతుబుద్దీన్.

"రైతుబిడ్డను గాదా సారూ? మా బర్రె దాని కింది గోలెంల తాగవోయి తాగకుంటనే వచ్చె. పైరు పైకి నల్లగున్నా లోపట ఆకలికున్నదేమో, అందుకే నీళ్లు గూడ పాడైనయేమో అనుకున్న. పొలం పక్కన ఒకటి ఉపాసముంటె నాకు బువ్వ దిగుతదా?"

ఇక కట్ట ఆగలేదు. బాలలక్ష్మి ముందుకు వచ్చింది. "నేను గూడ ఏసిన సార్. కంపాసు పెట్టెల."

"నేను గూడ" అన్నాడు ఐలయ్య కుర్చీ కింద పెట్టి. "రోజు గాదు సార్. ఐతారం ఎయ్యలే. బడి ఉండదు గద."

"నేను గూడ", "నేను గూడ" అని తొమ్మిదో తరగతి. గోడ మీంచి జైనబ్ బీ, "ఖాలీ బక్రీ కీ..." అని సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్టాండు గోడ అవతల నుంచి ఎవరో ముఖం కనిపించకుండా చెయ్యి మాత్రం ఎత్తారు.

అందరూ అయ్యాక అందరి చూపూ ఒక్కచోటే ఆగింది. ప్రమీలాదేవి మేడమ్ ఆకాశంలో వెతుకుతున్న పక్షిని వదిలేసి, కొంగు సర్దుకుని, ఉత్తర్వు చదివే గొంతుతో అన్నది: "విద్యార్థుల మనోభావాలను దృష్టిలో పెట్టుకుని, పరిపాలనా సౌలభ్యం కోసం, అప్పుడప్పుడు, ఒక టిఫిను గిన్నెడు."

ఇశ్రాయేలు సారు కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు నడిమి మడిని చూశాడు, తరువాత దండి మడిని చూశాడు, గోలేలలోకి తొంగిచూశాడు.

"అంటె అందరికంటె ఎక్కువ దండిగ పడ్డది దీనికే."

"ఔ సార్" అన్నాడు ఖుతుబుద్దీన్. "అందుకే దోమ వచ్చింది. అందుకే పడ్డది. ఆ గోలెం పచ్చబడ్డదీ అందుకే. పైరు తినంగ మిగిలిందంత గండ్లనే ఉన్నది."

"పలక తప్పుగని, ప్రయోగం తప్పు గాదు" అన్నాడు ఇశ్రాయేలు. "ల్యాబుల ఏం సామాను లేకుంట గింత పెద్ద ఎత్తున యూరియా పరీక్ష ఈ జిల్లల ఎవలు చెయ్యలే. ల్యాబు నడవనియ్యిన్రి మేడమ్."

మేడమ్ ఐలయ్య వైపు చూసింది. ఐలయ్య విరిగిన బల్లల వైపు చూశాడు. వాటిని మళ్లీ వరండా అంచుకు జరపడానికి పోయాడు.

నర్సింహ పటేలు మాత్రం కదల్లేదు. వంగి, నడిమి మడిలోంచి ఒక కంకి తెంపి, అరచేతిలో నలిపాడు. ఊదితే అన్నీ ఎగిరిపోయాయి. తాలు. ఇంకో కంకి నలిపాడు. అదీ అంతే.

"సారూ" అన్నాడు, మొదటిసారి ఒక్క గొంతుతో. "అంటె నేను పెట్టే సంపిన్నా?"

ఖుతుబుద్దీన్ సారుకు ఇన్నేళ్ల సర్వీసులో ఫలించిన ప్రయోగం ఎదురుగా నిలబడి ఉంది, చేతిలో పొట్టుతో. గెలుపు మాట ఒకటి గొంతు దాకా వచ్చింది గాని, పటేలు ముఖం చూసి దాన్ని మింగేశాడు.

"నువ్వొక్కనివే గాదు పటేలా. అందరం గలిసి."

"వచ్చే యాసంగి పంటకు నా పొలంల గూడ గిట్ల మూడు మడులు కడుతవా? ఒక దిక్కు పెంట మడి లెక్క ఏసి చూస్త."

"కడుత. నడిమి మడికి కావలి ఎవరుంటరు?"

పటేలు చాలా నిజాయితీగా ఆలోచించాడు. "నేనైతె ఉండ. నాతోని గాదు. ఎవన్నన్న రాతిగుండెవాణ్ని చూడు."

డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు జరిగాయి. తొమ్మిదో తరగతి సైన్సు పేపరులో సారు ఒక ప్రశ్న ఇచ్చాడు: 'ప్రయోగంలో ఏమీ వేయని మడి అనగానేమి? దాని ఉపయోగము రాయుము.'

బాలలక్ష్మి ఇలా రాసింది: 'ఏమీ వేయని మడి అనగా ఎవరికీ తెలియకుండా అందరూ వేసే మడి. దీని వలన ఎక్కువ వేసిన నష్టము తెలియును.'

సారు ఎర్ర పెన్ను ఆ జవాబు మీద చాలాసేపు ఆపి ఉంచాడు. మొదటి వాక్యం కొట్టేయబోయాడు. రెండో వాక్యం మళ్లీ చదివాడు. పూర్తి మార్కులు వేసి, తరువాతి పేపరు తీశాడు. అందులోనూ అదే జవాబు ఉంది.